పంతొమ్మిది గళ్ళు

మిమ్స్, ఫ్లోరిడా
అక్టోబర్ 3

అన్నయ్యకి,

ఫోన్ చేస్తే నువ్వు "ఆఁ? ఆఁ?" అంటావు, నేను అరుస్తాను, పక్కింటావిడ వచ్చి ఏం గొడవని అడుగుతుంది. ముప్ఫై ఏళ్ళు రాకెట్ ఇంజన్ల పక్కన నిలబడి చెవులు పోగొట్టుకున్న మనిషికి ఉత్తరమే గతి. పైగా ఇప్పుడు రాయబోయేది అరిచి చెప్పే సంగతి కాదు.

వదిన పంపిన మిరప పొడి బీన్స్‌లో ఒక్క చెంచా వేశాను. చర్చి వాళ్ళు నలుగురు భోజనానికి వచ్చి కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళారు. నాన్న కోసం ఏడుస్తున్నారనుకున్నాను ముందు. ఇక్కడ మల్లెట్ చేపలు దండిగా పడుతున్నాయి. చేపలకి పొగపెట్టే నాన్న పొగగూడు శుభ్రం చేసి మళ్ళీ అంటించాను.

అసలు సంగతి. మా కంపెనీ అంతరిక్ష నౌక పెలికన్ ఈ నెల ఇరవై తొమ్మిదిన పైకి వెళ్తోంది. లోపల మనుషులు ఉండరు, ఇది పరీక్ష. ఆరు రోజులు తిరిగి మీ ఎడారిలో పారాచూట్ల మీద దిగుతుంది. అంతా సవ్యంగా ఉంటే ఫిబ్రవరిలో మనుషులు ఎక్కుతారు. ఈసారి సీట్లో కూర్చునేది మిస్ ఓపల్. అంటే బొమ్మ. మనిషంత బరువు, మనిషంత ఎత్తు, ఒళ్ళంతా కొలిచే యంత్రాలు. ఆవిడకి సూటు తొడిగి, బెల్టులు బిగించి, చివరగా తలుపు మూసేది మేం ఐదుగురమే. ఆవిడ సూటు నా పెళ్ళి గౌను కన్నా బాగుంది.

పని చూసి బాగుందని నాన్న కొట్టే ముద్ర నా దగ్గరుంది. 317 నంబరుది. అంతరిక్ష షటిల్ పనులు ఆపేసి అందర్నీ ఇళ్ళకి పంపిన రోజున ముద్రలన్నీ వెనక్కి తీసుకున్నారు కదా. నాన్న పోయిందని చెప్పి సాక్సులో పెట్టి తెచ్చుకున్నాడు. పనిలో ఆయన ఆడిన అబద్ధం అదొక్కటే. ఏప్రిల్‌లో ఆస్పత్రి మంచం మీద దాన్ని నా చేతిలో పెట్టి, "వర్లీ, నేను ముద్ర కొట్టినవన్నీ పైకెళ్ళాయి, ఇది మాత్రం ఎప్పుడూ కిందే ఉండిపోయింది" అన్నాడు. అంతకన్నా ఏమీ అడగలేదు.

దాన్ని మిస్ ఓపల్ ఎడమ తొడ జేబులో పెడతాను. దిగాక అందరికన్నా ముందు దాని దగ్గరికి వెళ్ళేది నువ్వే కదా. జేబులోంచి తీసి దాచు. జాబితాలో లేని గుండుసూది లోపల దొరికినా నా బ్యాడ్జీ పోతుంది. షటిల్ ఆగిపోయాక తొమ్మిదేళ్ళు స్కూలు బస్సు నడిపి ఈ బ్యాడ్జీ మళ్ళీ మెడలో వేసుకున్నాను. అయినా చేస్తాను. నువ్వు ఊఁ అను.

నీ చెల్లి,
వర్లీన్

---

తులరోసా, న్యూ మెక్సికో
అక్టోబర్ 11

వర్లీ,

యాభై మూడేళ్ళొచ్చినా నీకు బుద్ధి రాలేదు. ఈ మాట ముందు రాసేసి మిగతాది రాస్తున్నాను.

నా పని నువ్వు అనుకున్నంత తేలిక కాదు. నౌక దిగగానే నేనూ రూబెన్ అనే నా జోడీ పసుపుపచ్చ సూట్లు, మాస్కులు వేసుకుని వెళ్తాం. మిగతా అందరూ గాలికి ఎగువన, ఫర్లాంగు దూరంలో ఆగుతారు. చిన్న చిన్న ఇంజన్లలో మిగిలిపోయిన విషం ఎక్కడైనా కారుతోందా అని నేను వాసన యంత్రం పట్టుకుని చుట్టూ తిరగాలి. పంతొమ్మిది చోట్లు. కాగితం మీద పంతొమ్మిది గళ్ళు. ఒక్కొక్క చోటా సూది చూపించిన అంకె వెయ్యాలి. చివరి మూడూ తలుపు సందు తీసి లోపల చూడాలి. అన్నీ సున్నాలైతే కింద నా ముద్ర కొట్టి పచ్చజెండా ఊపుతాను. అప్పుడు కెమెరాల వాళ్ళు పరిగెత్తుకొస్తారు. వాళ్ళొచ్చాక మిస్ ఓపల్ జేబులో చెయ్యి పెడితే ప్రపంచమంతా చూస్తుంది.

నాన్న సంగతి నువ్వు నాకు చెప్పక్కర్లేదు. నేను అతికిన గొట్టానికి అందరి ముందూ ముద్ర కొట్టనని, "ఓడెల్ నా కొడుకే, అతుకు మాత్రం నాది కాదు" అన్న మనిషి. మళ్ళీ చేయించాడు. మూడుసార్లు. ఆ నెల్లోనే నేను ఫ్లోరిడా వదిలేశాను. ఆయన చెప్పింది నిజమేనని తర్వాత నాకు తెలిసింది, ఆయనకి మాత్రం నేను ఎప్పుడూ చెప్పలేదు. సమాధి దగ్గరికీ రాలేదు.

అందుకని సరే. పెట్టు. తీస్తాను.

మీ వదిన ఇంకో పొట్లం పంపుతోంది. చర్చి వాళ్ళకి పెట్టకు.

ఓడెల్

---

మిమ్స్
అక్టోబర్ 29, సాయంత్రం

అన్నయ్యా,

వెళ్ళిపోయింది.

పొద్దున మిస్ ఓపల్ బెల్టులు బిగించేటప్పుడు నా పై అధికారి కీట్ కాగితాలకేసి తిరిగాడు. అప్పుడు పెట్టేశాను. "వర్లీన్, పక్కన ఏమైనా మర్చిపోయావా?" అన్నాడు. "లేదు, ఆవిడ జుట్టు సర్దుతున్నా" అన్నాను. ఆవిడకి జుట్టు లేదు కదా, అందరూ నవ్వారు. తలుపు మూసి, రబ్బరు అంచు వేలితో తడిమి, నా ముద్ర కొట్టాను.

ఒడ్డున నిలబడి చూశాను. ఈ ఊళ్ళో పుట్టి ఎన్ని చూశాను! అయినా ఈసారి ఏడ్చేశాను. నిప్పు కనిపించిన చాలాసేపటికి గానీ చప్పుడు రాలేదు. నాన్న పక్కన ఉంటే గడియారం చూసుకుని "ఊఁ" అనేవాడు, అంతే.

నాలుగో తారీఖు పొద్దున నీ దగ్గరికి వస్తుంది. జాగ్రత్త.

వర్లీ

---

తులరోసా
నవంబర్ 5

వర్లీన్‌కి,

నిన్న తెల్లవారాక దిగింది. మూడు పారాచూట్లూ విచ్చుకున్నాయి. వస్తువు నా దగ్గర భద్రంగా ఉంది.

రెండు సంగతులు రాస్తాను, సరిగ్గా చదువు. పారాచూట్లు విచ్చుకున్నాక లోపలికి బయటి గాలి లాక్కునే కన్నం ఒకటి తెరుచుకుంటుంది కదా. అది ఎక్కడుంది? పక్క ఇంజన్లకి ఎంత దగ్గర?

రెండోది. నేను కాగితం మీద రాసింది ఒకటి, లోపల ఉన్నది ఒకటి. ముద్ర కొట్టేశాను. నిన్నటి నుంచి అది నన్ను తినేస్తోంది. దిద్దాలంటే దిద్దుతాను. దిద్దితే నీ పేరు బయటికి రాక మానదు, నీ బ్యాడ్జీ పోతుంది. నువ్వు ఎలా చెప్తే అలా చేస్తాను. తొందరగా రాయి.

కొంచెం దగ్గు పట్టుకుంది. ఎక్కువ రాయలేను.

ఓడెల్

---

మిమ్స్
నవంబర్ 13

బంగారం లాంటి అన్నయ్యకి,

ఇక్కడ పండగ! గోడ మీద నీ కాగితం అంటించారు తెలుసా? పంతొమ్మిది సున్నాలు, కింద నీ ముద్ర. పెద్దాయన అందర్నీ పిలిచి, "ఇంత శుభ్రంగా దిగిన నౌకని నేను ఇంతవరకూ చూడలేదు" అన్నాడు. నేను పక్కవాడి చెవిలో "అది మా అన్నయ్య" అన్నాను. ఆగలేకపోయాను.

నువ్వు రాసిన దానికి జవాబు. దిద్దడాలూ గిద్దడాలూ ఏమీ వద్దు. కాగితం మీద ఉన్నదే ఉండనీ. లోపల ఏముందో నీకూ నాకూ తప్ప మూడో మనిషికి తెలియదు. ఎవరికీ ఏమీ కాలేదు కదా. మిస్ ఓపల్ వచ్చి ఫిర్యాదు చెయ్యదు. ఎవరు అడిగినా నోరెత్తకు, నీకు పుణ్యం ఉంటుంది.

గాలి కన్నం కిటికీ కింద, కుడి వైపు. ఇంజన్లకి బారెడు దూరం ఉంటుంది. దాని మూత నేనే చూశాను, నా ముద్ర ఉంది. నా పనిలో తప్పు వెతుకుతున్నావా ఏమిటి, నాన్న పోలిక వచ్చిందా?

మనుషుల ప్రయాణం ఖాయమైంది. ఫిబ్రవరి పన్నెండు. నలుగురు. వాళ్ళ నాయకురాలు కెప్టెన్ ప్రూయిట్ నిన్న సీటు చూసుకోవడానికి వచ్చింది. బెల్టు బిగిస్తుంటే, "మీ మోకాలు నొప్పిగా ఉన్నట్టుంది, కూర్చుని బిగించండి, నాకేం తొందర లేదు" అంది. అలా అడిగినవాళ్ళు ఇన్నేళ్ళలో లేరు.

దగ్గు అంటే సిగరెట్టు మానెయ్. వదినకి చెప్తాను.

నీ గారాల చెల్లి

---

తులరోసా
నవంబర్ 24

వర్లీన్,

నీ ఉత్తరం అందింది. నువ్వు చెప్పింది అర్థమైంది. రెండుసార్లు చదివాను, వేరే అర్థం ఏమైనా దొరుకుతుందేమోనని.

సరే. నీ ఇష్టప్రకారమే నోరెత్తలేదు. నీకు ఇంత గుండె ధైర్యం ఉందని నాకు తెలియదు. మిస్ ఓపల్ ఫిర్యాదు చెయ్యదన్నావు. ఫిబ్రవరిలో ఆ సీట్లో కూర్చునేవాళ్ళ సంగతేమిటి? బెల్టులు బిగించేది నువ్వే. ఆ కెప్టెన్ మొహం చూస్తూ ఎలా బిగిస్తావు?

దగ్గు తగ్గింది. ఈ పది రోజులుగా బాగానే ఉంది. సిగరెట్లు మూడేళ్ళ కిందటే మానేశానని నీకు రాశాను, నువ్వు మర్చిపోయావు. నీకు నా ఉత్తరాల్లో నచ్చినవి గుర్తుంటాయి.

ఓడెల్

---

మిమ్స్
డిసెంబర్ 6

ఓడెల్ టిస్‌డేల్ గారికి,

ఫిబ్రవరిలో కూడా నేను ఏదో ఒకటి దొంగతనంగా పెడతానని అనుకుంటున్నావా? మనుషులు ఎక్కే నౌకలోనా? నన్ను అంత నీచంగా అంచనా వేశావా?

ఒక్కసారి పెట్టాను. అది కూడా ఎవరి కోసం? నీ కోసం కూడా. సమాధి దగ్గరికి రాని కొడుక్కి తండ్రి వస్తువు ఒక్కసారి చేతికి తగలాలని. ఆ మాట నీకు రాయలేదు, సిగ్గుపడతావని. ఆఖరి రెండేళ్ళు ఆయన్ని లేపింది నేను, స్నానం చేయించింది నేను, డయపర్లు మార్చింది నేను. నువ్వు క్రిస్మస్‌కి మిరపకాయలు పంపావు. అతుకు మళ్ళీ చేయించాడని ముప్ఫై ఏళ్ళు అలిగిన మనిషివి, ఈ రోజు నాకు గుండె ధైర్యం గురించి పాఠం చెప్తున్నావు.

నాన్న ముద్ర తిప్పి పంపు. రిజిస్టర్డ్ పోస్టులో. నీ దగ్గర ఉంచుకోవడానికి నీకు హక్కు లేదు.

నా మాట నీకు కఠినంగా ఉంటే ఉండనీ. ఉత్తరం రాసి రెండు రోజులు ఆగి చదివాను. ఒక్క అక్షరం మార్చలేదు.

వర్లీన్

---

ఆస్పత్రి, లాస్ క్రూసెస్
డిసెంబర్ 18

చెల్లీ,

పెన్సిలుతో రాస్తున్నాను, పడుకుని రాస్తే పెన్ను రాయదు. వంకర ఉంటుంది.

నీ ఉత్తరం చదివాక ఒక అనుమానం వచ్చింది. నువ్వు ముద్ర గురించి రాస్తున్నావా? మొదటినుంచీ ముద్ర గురించేనా? అయితే నేను మూర్ఖుణ్ణి. నేను ముద్ర గురించి రాయలేదు. ఇప్పుడు అంతా విప్పి రాస్తాను.

ఆ పొద్దున రూబెన్‌ని పారాచూట్ తాళ్ళు చూడమని అటు పంపాను. పంపకూడదు. ఏడు చోట్లు సరిగ్గా చూశాను. అన్నీ సున్నాలే. కెమెరాల బండి కదులుతున్నట్టు కనిపించింది. కంగారు పుట్టింది. మిగతావి వదిలేసి నేరుగా తలుపు తీశాను. ఆ లావు చేతి తొడుగుతో బొమ్మ జేబు తెరుచుకోలేదు. తొడుగు తీశాను. మాస్కు అద్దానికి ఆవిరి పట్టి జేబు కనబడలేదు. మాస్కు కూడా తీశాను. తల లోపలికి పెట్టాను. ఈతకొలనులో వేసే మందు వాసన గుప్పుమంది. గొంతు మండింది. వేళ్ళకి ముద్ర తగిలింది, లాక్కున్నాను. అప్పుడు నడుముకి తగిలించుకున్న యంత్రం చూశాను. సూది పైకి లేచి ఉంది.

వర్లీ, ఆ విషం బయట కారలేదు. దిగేటప్పుడు గాలి కన్నంలోంచి లోపలికి పోయింది. పక్క ఇంజను ఏదో కారుతూ ఉంటుంది, కన్నం పీల్చుకుంటుంది. లోపల మనుషులుంటే దిగే ఆ పావుగంటా అదే పీలుస్తారు.

నేను తలుపు బార్లా తీసి వదిలేశాను. గాలికి రెండు నిమిషాల్లో పోయింది. ఆ రెండు నిమిషాలూ కాగితం పట్టుకుని నిలబడ్డాను. ఉన్నది రాస్తే నన్ను వెంటనే డాక్టర్ల దగ్గరికి తీసుకెళ్తారు, సూటు విప్పిస్తారు, ముద్ర దొరుకుతుంది, నీ బ్యాడ్జీ పోతుంది. సున్నాలు వేశాను. పంతొమ్మిదీ. నా ముద్ర కొట్టాను. ముందు నీకు చెప్పి తర్వాత దిద్దుదాం అనుకున్నాను. దిద్దొద్దన్నావు. నీకు తెలిసే అన్నావనుకున్నాను.

ఈ విషం పట్టిన దగ్గు మొదట తగ్గుతుందని, నెల దాటాక మళ్ళీ వచ్చి లోపలి గొట్టాలన్నీ మూసేస్తుందని మాకు శిక్షణలో చెప్పేవారు. ఇప్పుడు నాలుగడుగులు నడవలేను. డాక్టరుకి ఇసుక తుఫానులో చిక్కుకున్నానని చెప్పాను. ఆమె నమ్మలేదు.

ఫిబ్రవరి పన్నెండు లోపల ఏదో ఒకటి చెయ్. ఈ ఉత్తరం చూపించు. నాకు చేతకావడం లేదు.

ఓడెల్

---

మిమ్స్
డిసెంబర్ 27

అన్నయ్యా,

నేను ముద్ర గురించే అన్నాను. దేవుడి మీద ఒట్టు, ముద్ర గురించే. "లోపల ఏముందో" అని నేను రాసింది నాన్న ముద్ర. నువ్వు నా మాట పట్టుకుని నెల రోజులు ఆ విషాన్ని గుండెల్లో పెట్టుకు కూర్చున్నావు. నేనేమో నిన్ను తిట్టాను. ఆ ఉత్తరం చింపెయ్. వదినకి చూపించి ఉంటే నా తరఫున ఆవిడ కాళ్ళు పట్టుకో.

ఇంకొకటి ఒప్పుకోవాలి. నీ ఉత్తరం ఇరవై ఒకటినే అందింది. రెండు రోజులు పిండి డబ్బాలో పెట్టి మూతేశాను. పనికి వెళ్ళాను, వచ్చాను. కెప్టెన్ ప్రూయిట్ ఎదురుపడి క్రిస్మస్‌కి ఏం వండుతున్నారని అడిగింది. కాలర్డ్ ఆకు, పంది మాంసం అన్నాను. ఆవిడ వెళ్ళిపోయాక బాత్రూంలో కూర్చున్నాను. బ్యాడ్జీ చేత్తో పట్టుకుని చాలాసేపు చూశాను. నన్ను చూసి నాకే అసహ్యం వేసింది. అక్కణ్ణించి నేరుగా కీట్ గదికి వెళ్ళాను.

కీట్ ఉత్తరం చదివి మొహం తుడుచుకున్నాడు. పై వాళ్ళ ముందు కూర్చోబెట్టారు. ముగ్గురు. ఎవరూ అరవలేదు, అరిచినా బాగుండేది. వాళ్ళలో ఒకాయన నీ కాగితాన్నీ నీ ఉత్తరాన్నీ పక్కపక్కన పెట్టి, "అమ్మా, ఒకే మనిషి రెండు రాశాడు. ఒకదాని మీద ముద్ర ఉంది, ఒకదాని మీద లేదు. ముద్ర కొట్టి అబద్ధం రాసినవాడు పెన్సిలుతో నిజం రాస్తాడని మేం ఎలా నమ్మాలి?" అన్నాడు.

ఆ నౌకని కడిగేశారు. ఇంజన్లు విప్పి, రబ్బర్లన్నీ మార్చేశారు. పాతవి చెత్తలోకి పోయాయి. ఏ యంత్రమూ ఏమీ రాసిపెట్టలేదు. గాలి వాసన చూసే యంత్రం లోపల పెట్టనే లేదు, మనుషులు లేరు కదా అని. మిస్ ఓపల్ ఒంట్లో కుదుపు కొలిచేవి ఉన్నాయి, ఊపిరి తీసుకునేవి లేవు. తారీఖు మార్చాలంటే సాక్ష్యం కావాలంటున్నారు. సాక్ష్యం ఇంకెక్కడా లేదు అన్నయ్యా, నీ ఊపిరితిత్తుల్లో తప్ప. నేను ఈ వాక్యం రాయలేక రాశాను. మీ డాక్టర్‌తో వాళ్ళ డాక్టరు మాట్లాడతాడట.

నేను బయల్దేరి వస్తాను.

వర్లీ

---

ఆస్పత్రి
జనవరి 4

వర్లీ,

వాళ్ళ డాక్టరూ మా డాక్టరూ మాట్లాడుకున్నారు. ఛాతీ కోసి ఊపిరితిత్తి ముక్క తీసి చూస్తే విషమా ఇసుకా అన్నది తేలిపోతుందట. మా డాక్టరమ్మ మంచం మీద కూర్చుని పలక మీద పెద్దక్షరాలతో రాసింది: "ఇది వైద్యం కాదు, దీనివల్ల మీకు ఏ మేలూ లేదు. కోశాక గొంతులో పెట్టిన గొట్టం మళ్ళీ తియ్యలేకపోవచ్చు. నేను వద్దంటాను."

నేను కింద "చెయ్యండి" అని రాశాను. ఆమె పలక తుడిచి మళ్ళీ అదే రాసింది. నేనూ మళ్ళీ అదే రాశాను. మీ వదిన పలక లాక్కుని బయటికి వెళ్ళిపోయింది. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆమె నాతో మాట్లాడని మొదటి రోజు ఇదే.

ఆయన అడిగింది సరైన ప్రశ్నే వర్లీ. నేనైనా అదే అడిగేవాణ్ణి. నాకు కోపం రాలేదు. నాకు భయం మాత్రం ఉంది, నీతో దాచను. రాత్రిళ్ళు నీళ్ళలో మునిగినట్టు ఉంటుంది. పైన ఆ నలుగురికీ ఇలాగే ఉంటే పక్కన పలక పట్టుకునేవాళ్ళు కూడా ఉండరు.

నువ్వు ఇప్పుడు రావద్దు. అక్కడే కూర్చుని వాళ్ళని వదలకు. నువ్వు లేస్తే నా ఉత్తరం మిగతా కాగితాల కిందికి పోతుంది.

తొమ్మిదో తారీఖు కోస్తారు.

అన్న

---

మిమ్స్
జనవరి 16

అన్నయ్యా,

వదిన ఫోన్‌లో అంతా చెప్పింది. గొంతు దగ్గర కోసి గొట్టం పెట్టారని, మాట లేదని, కళ్ళు తెరిచి చూస్తున్నావని. ఈ ఉత్తరం నీ మొహం ముందు పట్టుకోమని చెప్పాను. మెల్లిగా చదువు. తొందర లేదు.

ప్రయాణం ఆపేశారు.

నీ ఊపిరితిత్తి ముక్క చూసిన డాక్టర్లు ముగ్గురూ ఒకటే మాట రాశారు, ఇది ఇసుక కాదు, ఆ విషమేనని. ఆ కాగితం వచ్చిన మర్నాడే ఫిబ్రవరిలో వెళ్ళాల్సిన రెండో నౌకని విప్పారు. నన్ను రానివ్వలేదు, కీట్ చెప్పాడు. గాలి కన్నం పక్కన ఉన్న ఇంజనులో రబ్బరు ఉబ్బి, పాకం పట్టినట్టు వేలికి అంటుకుందట. నాలుగు ఇంజన్లలో రెండు అలాగే ఉన్నాయి. విప్పినవాడు మెట్లు దిగి కూర్చున్నాడట. కన్నం చోటు మార్చాలంటున్నారు. ఏడాది పట్టొచ్చు.

నా బ్యాడ్జీ సోమవారం తీసుకున్నారు. కత్తెరతో మూల కత్తిరించారు. నాకు ఏడుపు రాలేదు. పార్కింగ్‌లో కారు ఎక్కడ పెట్టానో మాత్రం అరగంట దొరకలేదు.

కెప్టెన్ ప్రూయిట్ నిన్న ఇంటికి వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడింది. "లోపలికి రండి, చేప ఉంది" అన్నాను. తినలేదు. "మీ మీద నాకు చాలా కోపంగా ఉంది వర్లీన్ గారూ. మీ అన్నయ్య ఉత్తరాన్ని రెండు రోజులు పిండి డబ్బాలో పెట్టారట" అంది. అవునన్నాను. "నేను సీటు చూసుకోవడానికి వచ్చిన రోజున మా అమ్మాయి కూడా నాతో ఉంది. అది మీకు థాంక్స్ చెప్పింది" అంది. "మీ అన్నయ్యకి ఏమని చెప్పమనను? నాకు తెలియట్లేదు. బతికున్నానని చెప్పండి" అంది. అదే చెప్తున్నాను.

నీకు ఒక కాగితం పంపుతున్నారు. పాతదాని బదులు కొత్తది, ఖాళీ గళ్ళతో. నీకు గుర్తున్నంతలో సరిగ్గా నింపి ఇమ్మంటున్నారు. చేతకాకపోతే వద్దులే. నాన్న ముద్రని విచారణ వాళ్ళు అడిగారు, వదిన పంపించేసింది.

విచారణ ముప్ఫైన అయిపోతుంది. అంతవరకూ ఊరు దాటొద్దన్నారు. ముప్ఫై ఒకటిన విమానం.

నీ వర్లీ

---

ఆస్పత్రి
జనవరి 20

వర్లీ,

కాగితం వచ్చింది. డాక్టరమ్మ పరుపు ఎత్తు చేసింది, మీ వదిన పలక కింద పెట్టి పట్టుకుంది. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం అయింది.

మొదటి ఏడు గళ్ళలో సున్నాలు వేశాను. అవి నిజంగా చూసినవి. తలుపు లోపలి గడిలో ఎనభై వేశాను. సూది ఇంకా లేస్తుండగానే చూపు తిప్పుకున్నాను, అది కూడా పక్కన రాశాను. మిగిలినవి పదకొండు. గీత పెట్టి వదిలెయ్యొచ్చు అంది మీ వదిన. తల అడ్డంగా ఊపాను. ఒక్కొక్క దాంట్లో "చూడలేదు" అని రాశాను. పదకొండుసార్లు. మధ్యలో రెండుసార్లు పెన్సిలు జారిపోయింది.

ముద్ర కొట్టే చోట నా పేరు రాశాను.

ముప్ఫై ఒకటి దాకా ఆగకు. వాళ్ళు వద్దన్నా సరే, బయల్దేరు.

ఓడెల్